సత్యవేణి ఆయాసం

రేవు దాటించే పంటు కదులుతోందో, దాని కింద గోదారే కదులుతోందో భాస్కరమ్మకి తెలియడం లేదు. ఈ గట్టు కనబడదు, ఆ గట్టూ కనబడదు. నీళ్ళ మీద పొగలాంటి మంచు పరుచుకుని ఉంది, ఆ మంచులోంచి కొబ్బరాకులు కాలుతున్న వాసన వస్తోంది. పంటు నిండా జనం ఉన్నారు గాని అందరూ అటు తిరిగి నిలబడ్డారు, ఒక్కరి మొహమూ చూడనివ్వడం లేదు. ఒక్క సత్యవేణి మాత్రం ఇటు తిరిగి, ఇనప కమ్మీకి ఆనుకుని, నిమ్మపండు రంగు చీర కుచ్చెళ్ళు గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో అణుచుకుంటూ, ఇంకో చేత్తో వక్కపలుకులు నోట్లో వేసుకుంటోంది.

సత్యవేణి భాస్కరమ్మకి తోటికోడలు, మరిది గంగాధరం భార్య. పోయి ఏడాది దాటింది. ఆ సంగతి కల్లో కూడా భాస్కరమ్మకి బాగా గుర్తుంది. గుర్తున్నా ఏడుపు రావడం లేదు, భయమూ వెయ్యడం లేదు. అన్నిటికంటే ముందు అనుమానం వస్తోంది. ఈ చీర ఎక్కడిది దీనికి? సాగనంపేటప్పుడు కట్టింది ఎర్ర చీర, తనే దగ్గరుండి కట్టించింది. మరి ఈ నిమ్మరంగుది ఎవరు కొనిచ్చారు? ఎవరితో వచ్చింది? అటు తిరిగిన వీపుల్లో దీన్ని తీసుకొచ్చిన మనిషి ఏది?

"ఎప్పుడొచ్చేవే?" అంటోంది భాస్కరమ్మ.

"ఇందాకే. నువ్వు కూర్చో అక్కా, నిలబడితే కాళ్ళు లాగుతాయి నీకు."

నువ్వు! బతికున్నన్నాళ్ళూ 'మీరు' అనేది, నోరు తిరగకపోయినా అనేది. చచ్చిపోగానే ఇంత చనువొచ్చిందన్నమాట. భాస్కరమ్మ కూర్చోకుండా నిలబడే ఆ మనిషిని పైనుంచి కిందకి చూస్తోంది. బుగ్గలు నిండాయి. పెదాలు ఎర్రగా ఉన్నాయి, వక్కపలుకులకి అంత ఎరుపు రాదు. అన్నిటికంటే ముఖ్యం, రొమ్ము ఎగిరెగిరి పడడం లేదు. మెట్లెక్కి పంటు మీదకి వచ్చిన మనిషి ఊపిరి చంటిపిల్ల నిద్రపోతున్నంత నెమ్మదిగా ఉంది.

అది చూడగానే భాస్కరమ్మ గుండెల్లోంచి ఏదో బరువు జారిపోతున్నట్టుంది. చూశారా! నేనెప్పుడో చెప్పలేదూ! ఆయాసమూ లేదు, ఏమీ లేదు. అంతా నాటకం. చావు కూడా నాటకమే అయ్యుంటుంది. ఎక్కడికో పోయి హాయిగా కూర్చుని, ఇక్కడ మమ్మల్నందర్నీ ఏడిపించింది. ఈ మాట ఎవరికో ఒకరికి వెంటనే చెప్పాలి, లేకపోతే ఊపిరాడదు. పక్కనున్న వీపుని వేలితో తడుతోంది భాస్కరమ్మ. వీపు తిరగడం లేదు.

ఆమె అంతే. చిన్నప్పటినుంచీ అంతే. మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోగా వాళ్ళెలాంటివాళ్ళో తేల్చేసేది. తేల్చి ఊరుకుంటే సరిపోదు, పైకి అనాలి. అనకపోతే నాలిక మీద వెంట్రుక పడ్డట్టు ఉండేది ఆమెకి, అది తీసేదాకా ఇంకో పని మీద మనసు నిలిచేది కాదు. కొత్తగా వచ్చిన స్కూలు టీచరు నవ్వు చూసి, మొగుణ్ణి వదిలేసిన మనిషంది. ఎదురింటి ముసలాయన దగ్గు విని, కోడల్ని సాధించడానికి దగ్గుతున్నాడంది. ఒకటి రెండుసార్లు ఆమె అన్నది నిజమైంది కూడా, దాంతో వీధిలో ఆడవాళ్ళు ఎవరి గురించైనా ముందు ఆమె దగ్గరికే వచ్చి, "మీరేవంటారు పిన్నిగారూ?" అని అడిగేవారు. నిజం కానివి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, అవి ఎవరి గురించి అన్నదో వాళ్ళు తప్ప.

వాళ్ళ ఇంట్లో పని పూతరేకులు చెయ్యడం. పెరట్లో పెద్ద తాటాకు పాక, అందులో వరసగా పొయ్యిలు, పొయ్యిల మీద బోర్లించిన కుండలు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగి, కాగితంలాంటి రేకు తీసేవారు. భాస్కరమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని, ప్రతి రేకూ వెలుతురుకేసి పట్టి చూసేది. చిల్లు ఉంటే పక్కన పడేసేది. మందంగా ఉంటే తీసినవాళ్ళ పేరు పెట్టి పిలిచేది. ఆ పీట మీదనుంచి రేకుల్నే కాదు, మనుషుల్నీ అలాగే చూసేది.

సత్యవేణి కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చిన రోజు, లారీలో వచ్చిన పెళ్ళిబృందంతో పాటు ఎండలో దిగి, కళ్ళు తిరిగి, సావిట్లో మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. "పారాణి ఆరకముందే మంచమెక్కింది. ఇది పనిదొంగమ్మా, రాసిపెట్టుకోండి," అంది భాస్కరమ్మ అక్కడున్నవాళ్ళతో. ఆ తర్వాత సత్యవేణి ఇన్నేళ్ళూ ఎంత పని చేసినా, ఆ మొదటి గంటలో వేసిన ముద్ర చెరగలేదు. చేసిన పని కంటికి ఆనేది కాదు. ఒక్కసారి నడుం వాల్చిందా, "అదిగో!" అనేది.

ఇప్పుడు పంటు లేదు. ఎప్పుడు దిగారో తెలియదు గాని పాకలో ఉన్నారు, అయితే ఆ పాక ఎంత దూరం నడిచినా అయిపోవడం లేదు. పొయ్యి తర్వాత పొయ్యి, కుండ తర్వాత కుండ, ప్రతి కుండ ముందూ ఒక ఆడమనిషి వంగి కూర్చుని ఉంది, వీపులే కనబడుతున్నాయి. మంట ఉంది గాని వేడి లేదు. సత్యవేణి ముందు నడుస్తోంది, చెయ్యి వెనక్కి చాపుతోంది పట్టుకోమన్నట్టు. భాస్కరమ్మ పట్టుకోవడం లేదు. ఎక్కడికి తీసుకుపోతోందో ఎవరికి తెలుసు?

"ఏం కావాలే నీకు? ఊరికే రావు నువ్వు."

"ఊరికే వచ్చేను. అందర్నీ చూసిపోదామని." సత్యవేణి తల వెనక్కి తిప్పి నవ్వుతోంది. "పెద్దాడికి పెళ్ళయిందంట కదా. కోడలెలాంటిది?"

అడగడమే ఆలస్యం, భాస్కరమ్మ నాలిక కదిలిపోతోంది. "కుసుమా? దాని గురించి చెప్పాలంటే తెల్లారిపోద్ది. పైకి మెత్తన, లోపల పట్టిన పట్టు విడవదు. నవ్వితే పళ్ళు కనబడవు, అలాంటివాళ్ళని నమ్మకూడదు. పొద్దున్న చీపురు పట్టుకున్న దగ్గర్నుంచీ ఎప్పుడు కూలబడదామా అని చూస్తుంది."

"ఎంతసేపట్లో తేల్చేవక్కా?"

"మనిషి కారు దిగుతుంటేనే తెలిసింది నాకు."

"మొన్న దానికి కళ్ళు తిరిగేయంట కదా."

నీకెవరు చెప్పారు అని అడగబోతోంది భాస్కరమ్మ. ఇంట్లో సంగతులు దీనికి మోస్తున్నదెవరు? గంగాధరమా? భార్య పోయిన నెల తిరక్కుండా అక్కగారింటికి వెళ్ళిపోయి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కని మనిషి, వాడికి ఎలా తెలుస్తుంది? "తిరిగేయంది," అంటోంది చివరికి, ముభావంగా.

"నువ్వేవన్నావు?"

కుండల ముందు కూర్చున్న ఆడవాళ్ళే జవాబు చెబుతున్నారు. ఒక్కరూ తల తిప్పడం లేదు, చేతిలో గుడ్డ ఆపడం లేదు, పాక ఈ చివర్నించి కంటికి ఆనని ఆ చివరిదాకా అందరూ ఒకే గొంతుతో, అలవాటైన మాట అన్నట్టు మామూలుగా అంటున్నారు.

"సత్యవేణి ఆయాసం."

ఆ మాట పుట్టింది ఈ పాకలోనే. ఒక వేసవిలో సత్యవేణి కుండ ముందునుంచి లేచి గోడకి చేరబడి, "అక్కా, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందండీ," అంది. అప్పటికి భాస్కరమ్మ రేకు వెలుతురుకేసి పట్టి చూస్తోంది. రేకు దించకుండానే, "పొయ్యి ముందు కూర్చుంటే ఆయాసం. తీర్థానికి వెళ్దామంటే మాత్రం అందరికంటే ముందు చెప్పులేసుకుంటుంది. దీనిది జబ్బు కాదమ్మా, సత్యవేణి ఆయాసం!" అంది. పాకంతా గొల్లుమంది. సత్యవేణి కూడా నవ్వింది, నవ్వి మళ్ళీ వచ్చి కుండ ముందు కూర్చుంది.

మాట బాగా కుదిరింది. మర్నాటికి వీధిలో పిల్లలు కూడా అనేశారు. ఎవరైనా పని మధ్యలో నడుం పట్టుకుంటే సత్యవేణి ఆయాసం, బడి ఎగ్గొడితే సత్యవేణి ఆయాసం, ఎద్దు బండి దగ్గర మొరాయించినా సత్యవేణి ఆయాసమే. భాస్కరమ్మకి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది, తన నోటి మాట ఊరందరి నోళ్ళలోకీ వెళ్ళినందుకు. అప్పట్నుంచీ సత్యవేణి తన గుండె గురించి ఎవరితోనూ అనలేదు. మొగుడితోనూ అనలేదు. గంగాధరం ఒకసారి, "అలా ఉన్నావేంటి, డాక్టరుకి చూపిద్దామా?" అంటే, "అయ్యో, ఊరంతా నవ్వుతారండీ," అందట. ఆ సంగతి గంగాధరం చెప్పింది తర్వాతే, అన్నీ అయిపోయాక.

"నేను పోయినా నా పేరు పోలేదు చూసేవా?" అంటోంది సత్యవేణి. గొంతులో కోపం లేదు, అందుకే భాస్కరమ్మకి ఇంకా అనుమానంగా ఉంది. కోపం లేని మనిషి దగ్గర ఏదో ఉంటుంది.

"నేనన్నానని ఊరంతా అంటే దానికి నేనేం చెయ్యనే?"

"ఏం చెయ్యలేవు. నేనూ అదే అనుకున్నాను."

ఒక కుండ దగ్గర ఆగుతున్నారు ఇద్దరూ. ఈ కుండ ముందు ఎవరూ లేరు. కుండ మీద రేకు తీసేవాళ్ళు లేక, అంచులు నల్లబడి, ముడుచుకుని, మధ్యలో బొగ్గయిపోతోంది. మాడు వాసన. భాస్కరమ్మ తల పక్కకి తిప్పేసుకుంటోంది, అయినా తిప్పినవైపే ఆ కుండ ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం సత్యవేణి కుండ మీద పిండిగుడ్డ లాగి, రేకు తీయడానికి చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉండగా పక్కకి ఒరిగిపోయింది. పక్క కుండ ముందున్న ఆవిడ లేవబోయింది. భాస్కరమ్మ పీట మీదనుంచే, "కూర్చోండి, దానికి అలవాటే. లేస్తుంది," అంది. లేవబోయినావిడ మళ్ళీ కూర్చుంది. అందరూ గుడ్డలు పట్టుకుని భాస్కరమ్మ మొహంకేసి చూస్తున్నారు. "ఆడింది చాల్లే సత్యవేణీ, రేకు మాడిపోతోంది, లే," అంది భాస్కరమ్మ. ఎవరో నవ్వారు కూడా. రేకు నల్లబడి, కాలి, ముక్కలై రాలింది. ఆ తర్వాతే నవ్వు ఆగింది, ఆ తర్వాతే ఎవరో పరిగెత్తారు.

ఆ మధ్యలో ఎంతసేపు గడిచిందన్న సంగతి పాకలో ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. భాస్కరమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమెకి అదే అనుమానం, ఏడాదిగా. అనుకుంటున్నారు గాని అనడం లేదు. ఎక్కడ ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నా ఆమె నడక నెమ్మదిస్తోంది, చెవి అటు పోతోంది.

పాక గోడలు తెల్లబడుతున్నాయి. తాటాకుల బదులు పైన సీలింగు ఉంది, నేల నున్నగా ఉంది, ఫినాయిల్ వాసన. రావులపాలెంలో సత్యవేణిని తీసుకెళ్ళిన ఆసుపత్రి వరండా ఇది, అయితే దీనికి చివర గోదారి కనబడుతోంది. గోడ పొడుగునా బెంచీలు, బెంచీల నిండా జనం కూర్చున్నారు. భాస్కరమ్మ అడుగు పెట్టగానే మొదటి బెంచీలోవాళ్ళు లేచి నిలబడుతున్నారు, ఆ తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది, నీటి మీద అల వెళ్ళినట్టు వరండా అంతా లేస్తున్నారు. ముసలాయన దగ్గు ఆపుకుంటూ లేస్తున్నాడు. టీచరమ్మ సంచీ సర్దుకుంటూ లేస్తోంది. చంకలో పిల్లతో ఒకావిడ లేస్తోంది.

మొదట భాస్కరమ్మకి బాగానే ఉంది. మర్యాద తెలిసినవాళ్ళు. పైట సర్దుకుని నడుస్తోంది. నాలుగడుగులు వేశాక వాళ్ళ మొహాలు చూస్తోంది. ఇప్పుడు మొహాలు కనబడుతున్నాయి, కనబడకపోతేనే బాగుండేది. పొలంలో మనిషి వస్తుంటే పిట్టలు చూసినట్టు చూస్తున్నారు అందరూ, ఎటు ఎగరాలా అని.

"ఎందుకు లేస్తున్నారే వీళ్ళు?"

"నువ్వొస్తే కూర్చునేదెవరక్కా?" అంటోంది సత్యవేణి, ఇందులో ఆశ్చర్యం ఏముందన్నట్టు. "నేను కూర్చున్నానా ఎప్పుడైనా? నీ చెప్పుల చప్పుడు వింటే చాలు, ఊపిరి అందినా అందకపోయినా లేచి ఏదో ఒక పని పట్టుకునేదాన్ని. ఒకసారి చేతికేమీ దొరక్క, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేను."

భాస్కరమ్మకి ఆ రోజు గుర్తుంది. కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతోందని, పని చేసినట్టు కనబడ్డానికి ఎన్ని వేషాలో అని, పాకలో చెప్పి నవ్వించింది. ఇప్పుడా సంగతి ఎత్తడం ఇష్టం లేక వేరే దారి వెతుకుతోంది. ఈ మనిషి బతికే ఉంటే చాలు. బతికే ఉందని తేలితే చాలు, మిగతావన్నీ వాటంతటవే చక్కబడతాయి. సత్యవేణి మణికట్టు గట్టిగా పట్టుకుంటోంది, దొంగని పట్టుకున్నట్టు.

"నిజం చెప్పవే. నువ్వు చావలేదు కదూ? డాక్టరూ నువ్వూ కలిసి ఆడేరు కదూ? గుండెలో కవాటం పాడైందనీ, ఎన్నాళ్ళనుంచో ఉందనీ, ముందే తీసుకొస్తే ఆపరేషను చేసేవాళ్ళమనీ చెప్పేడే, అదంతా నాటకమే కదూ? నాకు తెలుసు. నిన్ను చూడగానే తెలిసింది. ఊపిరి చూడు ఎంత బాగుందో నీకు!"

"నువ్వెలా అంటే అలాగే. నాటకమే అనుకో."

"అనుకోవడం కాదు. చెప్పు. నీ నోటితో చెప్పు."

సత్యవేణి ఆమె మొహంలోకి చాలాసేపు చూస్తోంది. ఆ చూపు భాస్కరమ్మకి తెలుసు. రేకుని వెలుతురుకేసి పట్టి చూసే చూపు అది. ఎప్పుడూ ఆ చూపుకి ఇటువైపు ఉండడమే గాని, అటువైపు నిలబడ్డం ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. ఒంటిమీద బట్టలున్నా లేనట్టుంది.

"ఒక్కటి అడుగుతాను, అది చెప్పక్కా ముందు," అంటోంది సత్యవేణి. "నువ్వు నిజంగానే నమ్మలేదా?"

వరండా లేదు. పెరడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, కొబ్బరిచెట్లు నల్లగా ఉన్నాయి, కుళాయి కారుతోంది. కుళాయి పక్కన గట్టు మీద ఒక మనిషి రెండుగా వంగిపోయి, రొమ్ము పట్టుకుని, నోరు తెరిచి గాలి మింగుతోంది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ చూడడం లేదు. చూసేవాళ్ళు లేని చోట నాటకం ఎవరూ ఆడరు.

"ఏం అడుగుతున్నావే?" భాస్కరమ్మ గొంతు ఆమెకే వినబడడం లేదు.

"నువ్వు చూసేవా లేదా ఆ రోజు?"

"చూళ్ళేదు."

"నేను నిన్ను చూసేనక్కా. వంటింటి తలుపు సందులో నీ పైట కనబడింది. చేతిలో కాఫీగ్లాసు ఉంది. పిలుద్దామనుకున్నాను, నోట్లోంచి మాట రాలేదు. చూసింది కదా, ఇంక తెలిసిపోయింది కదా అనుకున్నాను. ఎంత ధైర్యం వచ్చిందో నాకు. ఇంక ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, అక్కే చూసుకుంటుంది అనుకున్నాను. నువ్వు తలుపు దగ్గరికి వేసేవు."

భాస్కరమ్మ ఏమనాలో వెతుకుతోంది. ఎవరి మీదైనా అనడానికి ఆమెకి ఎప్పుడూ మాట సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు నోరంతా వెతికినా ఒక్కటీ దొరకడం లేదు. చివరికి ఒకటి దొరుకుతోంది, అది చాలా చిన్నగా, పళ్ళ వెనకనుంచి వస్తోంది.

"అప్పటికే అందరి ముందూ అనేసేనే."

"ఊఁ."

"అనేసేక... కాదని ఎలా చెప్పను? జబ్బేనని చెప్తే, భాస్కరమ్మ తప్పుగా తేల్చిందంటారు కదా. ఆ రోజు పాకలో కూడా నాకు లోపల తెలుస్తూనే ఉంది. రేకు మాడుతోంటే తెలుస్తూనే ఉంది. నువ్వు లేస్తే బాగుండును అనుకున్నాను, నిన్ను తిట్టుకుంటూనే అనుకున్నాను. లేస్తావేమో, లేస్తే నా మాట నిలబడుతుందని..."

సత్యవేణి క్షమించేనని అనడం లేదు, క్షమించనని అనడం లేదు. కుళాయి గట్టు మీద వంగి ఉన్న ఆ మనిషికేసి, అంటే తనకేసే, చూస్తోంది. భాస్కరమ్మ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషి మొహం చూసి అందులో ఏముందో తేల్చలేకపోతోంది. అది జాలో, అసహ్యమో, అలసటో తెలియడం లేదు.

"నన్నేవనుకుంటున్నావే?" అని అడుగుతోంది. "చెప్పు. నేనెలాంటిదాన్ననుకుంటున్నావు?"

"నాకు అలా చెప్పడం రాదక్కా," అంటోంది సత్యవేణి.

"మరెందుకొచ్చేవు? నన్ను శపించడానికి వచ్చేవా?"

"ఆ పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయి. దాని దగ్గరికెళ్ళు," అంటోంది సత్యవేణి. నిమ్మరంగు చీర వెలిసిపోతోంది, కొబ్బరిచెట్ల మీద పడుతున్న వెలుతురూ ఆ చీరా ఒకే రంగులో కలిసిపోతున్నాయి. "ఇంట్లో ఇలా పోడానికి నేనొక్కదాన్ని చాలు."

భాస్కరమ్మ ఆ చెయ్యి పట్టుకోబోతోంది. ఇందాక చాపినప్పుడు పట్టుకోని చెయ్యి. దాని బదులు చేతికి మంచం పట్టె తగిలింది.

కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. మెడకింద దిండు తడిసింది. కిటికీ ఊచల నీడలు నేలమీద అటు జరిగాయి, అంటే బాగా మధ్యాహ్నం తిరిగింది. భాస్కరమ్మ కాసేపు పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. అలవాటుగా మొదట వచ్చిన ఆలోచన, మామిడికాయ పప్పు తిని పడుకుంటే ఇలాంటి కలలే వస్తాయని. ఆ ఆలోచన వచ్చినంత తొందరగానూ పోయింది. నమ్మకంగా అనిపించలేదు.

లేచి, చెప్పులేసుకోకుండా పెరట్లోకి నడిచింది. పాకలో ఆడవాళ్ళు భోజనాలకి వెళ్ళినట్టున్నారు, మాటలు వినబడడం లేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల కుసుమ ఒక్కతే ఉంది. ఆరిన పొయ్యి పక్కన నేలమీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. జడ భుజం మీదనుంచి జారి బూడిదలో పడింది, తీసుకోలేదు. వీపు నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది.

పాక గుమ్మం తడిక కిర్రుమంది.

కుసుమ తుళ్ళిపడి లేచింది. లేస్తూ తూలి, ఒక చేత్తో గుంజ పట్టుకుంది, రెండో చేత్తో చేతికందిన పిండిగుడ్డ పట్టుకుంది. కుండ కింద మంట లేదు, కుండ చల్లారిపోయి ఉంది. ఆ చల్లటి కుండ మీదే గుడ్డ లాగడం మొదలుపెట్టింది.

"ఏం లేదత్తయ్యా," అంది. "ఇప్పుడే కూర్చున్నాను. ఒక్క నిమిషం."

మొహం పాలిపోయి ఉంది. పై పెదవి మీద చెమట బిందువులు.

ఆ మాట భాస్కరమ్మ నోట్లోకి వచ్చేసింది. రెండు ముక్కలూ, వరసగా, వాటంతటవే వచ్చి నాలిక మీద కూర్చున్నాయి. కుసుమ కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తల వంచుకుంది. భాస్కరమ్మ నోరు మూసుకుంది. ఆ మాటని ఒకసారి మింగింది, మళ్ళీ మింగింది.

"కూర్చో," అంది.

కుసుమ కదల్లేదు. కళ్ళెత్తి అత్తగారి మొహంకేసి చూసింది, ఆ తర్వాత గుమ్మంకేసి చూసింది, ఇంకెవరైనా వింటున్నారా అని. "ఫర్వాలేదత్తయ్యా, బానే ఉంది నాకు," అంది జాగ్రత్తగా.

"కూర్చోవే అమ్మా. సాయంత్రం ఆటో పిలిపిస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను."

"నాకేం కాలేదండీ. నిజంగా. ఎవరైనా ఏవైనా చెప్పేరా మీకు?"

ఆ పిల్ల కళ్ళల్లో ఉన్నది ఏమిటో భాస్కరమ్మకి తెలుసు. అది తన వస్తువే. ఈ మెత్తని మాటల వెనక ఏముందో, రేపు పాకలో అందరి ముందూ దీన్ని ఎలా తిప్పి చెప్తుందో అని వెతుకుతోంది కుసుమ. వెతకనీ అనుకుంది. నమ్మమని అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

గుంజ పట్టుకుని, మోకాళ్ళు వంగనంటున్నా మెల్లగా వంచి, పీట వేసుకోకుండా, బూడిద రాలిన నేలమీదే కూర్చుంది భాస్కరమ్మ. కుసుమ కంగారుగా చూస్తోంది. అత్తగారు కిందా తను పైనా అయ్యేసరికి ఎలా నిలబడాలో తెలియనట్టు, చేతిలో గుడ్డని ఒకసారి ఇటూ ఒకసారి అటూ మార్చుకుంది. చాలాసేపటికి గుంజకి ఆవలివైపు వంగింది. పూర్తిగా కూర్చోలేదు. మడమల మీద, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి వీలుగా, గుమ్మంకేసి తిరిగి కూర్చుంది.

భాస్కరమ్మ బూడిద అంటిన ఆ పిల్ల జడని అందుకుని, పైటకొంగుతో తుడవడం మొదలుపెట్టింది.